కూర్చుంటే కనబడని ఆయాసం

ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నాను. కూర్చున్నాను కాబట్టి ఈ క్షణంలో నన్ను ఎవరు చూసినా, ఈవిడకు ఏ జబ్బూ లేదనే అనుకుంటారు. ముఖం తేటగా ఉంటుంది, మాట తెగదు, ఊపిరి చప్పుడు వినబడదు. లేచి ఆ కిటికీ దాకా వెళ్ళి తెర లాగి వస్తే తెలుస్తుంది సంగతి. కానీ మన ఇళ్ళలో పెద్దవాళ్ళను లేవనివ్వరు. గౌరవం.

"నాకు ఊపిరి అందడం లేదు" అనే ఒక్క వాక్యాన్ని నమ్మడానికి మా ఇంటికి ఏడాదీ ఎనిమిది నెలలు పట్టింది. ముప్పై నాలుగేళ్ళు జిల్లా ఖజానా కార్యాలయంలో పనిచేశాను. నేను సరిచూసి సంతకం పెట్టిన బిల్లు ఏనాడూ వెనక్కి రాలేదు. ఆఫీసులో చెల్లిన నా మాట సొంత ఇంట్లో చెల్లలేదు. ఇప్పుడు కాస్త తెరిపిన పడ్డాను గనుక, కసి దాచుకోకుండా రాస్తున్నాను. నాలాంటివాళ్ళు చదివితే వాళ్ళకు కొంత ఊరట. వాళ్ళ కొడుకులూ కోడళ్ళూ చదివితే ఇంకా మంచిది.

రెండేళ్ళ కిందట, ఉగాది వెళ్ళిన వారానికి మొదలైంది. అప్పుడు మేము మదీనాగూడలో, హైవేకి ఒక సందు లోపల, అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. మేమంటే నేను, నా కొడుకు శ్రీధర్, కోడలు మాధవి. వాళ్ళిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మావారు పోయి అప్పటికి పదకొండేళ్ళు.

ఆ ఉదయం తల దువ్వుకుంటున్నాను. ముడి వేసుకోవడానికి రెండు చేతులూ పైకెత్తేసరికి ఊపిరి సగంలో ఆగింది. నొప్పి కాదు. దగ్గు కాదు. లోపలికి వెళ్ళిన గాలి బయటికి రాకుండా అక్కడే తిష్ట వేసినట్టు, కొత్త గాలికి చోటు లేనట్టు. చేతులు దించాను. కాసేపటికి సర్దుకుంది. వయసు కాబోలనుకున్నాను.

ఆ తర్వాత ఒక్కొక్క పనీ నా చేతుల్లోంచి జారిపోయింది. స్నానాల గదిలో వంగి పాదాలు రుద్దుకోవడం పోయింది. చీర కుచ్చెళ్ళు సర్దుకోవడం ఒక గండమైంది. బాల్కనీలో తీగ మీద తడి దుప్పటి ఆరేయబోతే అది నా మీదే కూలబడేది. శనివారాలు కింద హాలులో ఆడవాళ్ళం చేసే పారాయణలో నా గొంతే ముందుండేది. అది శ్లోకం మధ్యలో తెగితే, పక్కావిడ అందుకోవడం మొదలైంది. జూన్‌లో జుట్టు మెడ దాకా కత్తిరించేసుకున్నాను.

"ఏ దేవుడికండీ మొక్కు?" అని అడిగారు పారాయణలో.

"మొక్కు కాదండీ. చేతులు ఎత్తలేక."

అందరూ నవ్వారు. మొక్కు సంగతి బయటికి చెప్పకూడదు కాబట్టి అలా అంటున్నాననుకున్నారు. నిజం చెప్పి నమ్మించలేకపోవడం అక్కడే మొదలైంది.

సాయంత్రాలు సత్తెమ్మతో నడిచేదాన్ని. మా అపార్ట్‌మెంటు లేచిన నేల ఒకప్పుడు సత్తెమ్మ అత్తవారి జొన్నచేను. వాటాగా వచ్చిన ఫ్లాట్లలో ఒకదానిలో ఉంటుంది. నాకంటే రెండేళ్ళు పెద్దది. నా ఉద్యోగం సంగతి తెలిసిన రోజునుంచి నన్ను లెక్కలమ్మా అనే పిలుస్తుంది. పెరుగు దుకాణం దాకా వెళ్ళి రావడం మా నడక. ఆ ఎండాకాలంనుంచి సత్తెమ్మకు మోకాళ్ళు పట్టేయడం మొదలైంది.

"జర ఆగు లెక్కలమ్మా, మోకాలు గుంజుతున్నది," అని కరెంటు స్తంభం దగ్గర ఆగేది. ఇంకాస్త పోయాక మందుల దుకాణం అరుగు దగ్గర మళ్ళీ ఆగేది. నాకు లోపల్లోపల సంతోషం. సరిగ్గా ఆ చోట్లలోనే నాకూ ఆగాలని ఉండేది.

"మోకాళ్ళకు మందు వాడకూడదా సత్తెమ్మా?"

"మందుల షాపోడు పైసలు గుంజుతడు గాని మోకాలు గుంజుడు తగ్గుతదా? నువ్వు తొందర చెయ్యకు. పెరుగేమన్న లేచి ఉరుకుతదా?"

ఆగస్టులో ఒక శనివారం లిఫ్టు పాడైంది. మెట్లెక్కి వచ్చి మా గుమ్మం పక్కన గోడకు ఆనుకుపోయాను. తలుపు తీసిన మాధవి భయపడి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టింది. మంచినీళ్ళు తెచ్చింది. ఫ్యాను పెంచింది. కరోనా రోజుల్లో కొన్న, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే వేలి మిషను శ్రీధర్ అలమారలోంచి తీశాడు. దానికి బ్యాటరీలు వెతికి వేసేసరికి పావుగంట గడిచింది. అప్పుడు పెట్టాడు నా వేలికి.

"తొంభై ఎనిమిది! నాకంటే నీకే ఎక్కువుందమ్మా," అని నవ్వాడు.

ఆ తొంభై ఎనిమిది ఆ రోజునుంచి మా ఇంటికి న్యాయమూర్తి అయింది. నేను ఏం చెప్పినా అది తీర్పు చెప్పేది.

అయినా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళలేదనను. హైటెక్ సిటీలో పెద్ద అద్దాల ఆసుపత్రి. విమానాశ్రయం లాంటి హాలు, ఒక మూల కాఫీ దుకాణం. నేను కారు దిగి రెండడుగులు వేశానో లేదో, గేటు దగ్గరి మనిషి చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు.

"పెద్దావిడను నడిపిస్తారా సార్?" అన్నాడు.

శ్రీధర్‌కు సిగ్గేసింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. లిఫ్టు, ఆపైన నున్నటి నడవా, మళ్ళీ ఎదురుచూసే హాలు. అక్కడ గంటన్నర. గోడ మీద టీవీ మాట లేకుండా ఆడుతోంది. పక్క కుర్చీలో ఒక పెద్దాయన తన ఫైలు విప్పుతాడు, కాగితాలు వరసగా ఉన్నాయో లేదో చూస్తాడు, మూస్తాడు, మళ్ళీ విప్పుతాడు. నేను చల్లటి గాలిలో, మెత్తటి కుర్చీలో, ఒక్క అడుగు వేయకుండా గంటన్నర కూర్చున్నాను. నా పేరు పిలిచేసరికి ఆ అంతస్తులో నా అంత ఆరోగ్యవంతురాలు ఇంకెవరూ లేరు.

"పొగ తాగే అలవాటుందా అమ్మా?" అని అడిగాడు డాక్టరు, కంప్యూటర్‌లో ఆ గడి నింపడానికి.

శ్రీధర్ గట్టిగా నవ్వేశాడు. డాక్టరు కూడా నవ్వాడు. ఇద్దరు మర్యాదస్తులు నవ్వుతుంటే నేనూ నవ్వాను. గుండె పరీక్షలన్నీ చేయించారు. అన్నీ బాగున్నాయి. వయసు ప్రభావం, కొంచెం ఆందోళన అని చెప్పి, నిద్రకొకటి, గ్యాసుకొకటి మాత్రలు రాశాడు.

"చూశావా, అంతా క్లియర్. నువ్వు ఎక్కువ ఆలోచించకమ్మా," అన్నాడు శ్రీధర్ కారులో.

"ఆలోచిస్తే కాదురా, వంగితే వస్తోంది."

"ఆ ఆలోచనే వద్దంటున్నాను."



చలికాలం వచ్చేసరికి పొద్దుటి వంట నా వల్ల కాలేదు. కుక్కరు దించడం, పప్పు మెదపడం, కూర కలియబెట్టడం, ఇవన్నీ చేతి పనులనుకుంటాం. ఊపిరి పనులని అప్పుడు తెలిసింది. నేను వంట మానేయడానికి వారం ముందే మాధవికీ నాకూ పులుసులో ఉప్పు దగ్గర మాటా మాటా వచ్చింది. రెండూ ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. వంటమనిషిని పెట్టుకున్నారు. ఒక మధ్యాహ్నం మాధవి వాళ్ళమ్మతో ఫోనులో అంటుంటే విన్నాను.

"ఆయాసమూ లేదు, ఏమీ లేదమ్మా. టెస్టులన్నీ నార్మల్. అత్తయ్యగారికి నా మీద అలక, అంతే."

నేను జబ్బు పడ్డానని వాళ్ళు బాధపడాలని కోరుకోలేదు. జబ్బు పడ్డానని ఒప్పుకుంటే చాలనుకున్నాను. అదే దొరకలేదు.

మరుసటి ఫిబ్రవరిలో ఇల్లు మారే మాట వచ్చింది. మణికొండ దాటాక, గుట్టలు పగలగొట్టి కట్టిన విల్లాల్లో ఒకటి కొన్నారు. కింద హాలు, వంటిల్లు, ఒక గది. పైన మూడు గదులు. చూడటానికి వెళ్ళిన రోజు అందరూ పాలరాయి చూశారు, నేను మెట్లు చూశాను. మధ్యలో మలుపు తిరిగి పైకి పోతున్నాయి, ఎక్కడా కూర్చునే చోటు లేదు.

"కింద గది నాకివ్వండి. ఇంకేదీ అడగను," అన్నాను.

నిజంగానే ఇంకేదీ అడగలేదు. ఆ గది కోసమే ఆ తర్వాత పది నెలలూ.

నిజాంపేటనుంచి సిద్ధాంతిని పిలిపించారు. ఆయన ఫోనులోనే దిక్సూచి చూసుకుంటూ ఇల్లంతా తిరిగాడు.

"కింద గది ఆగ్నేయంలో పడిందండీ. పెద్దలకు పనికిరాదు. ఇంటి పెద్ద నైరుతిలో ఉండాలి. పైన నైరుతి గది అమ్మగారిది. ఇంటికి బరువు అక్కడుండాలి," అన్నాడు.

నన్ను బరువు అన్నందుకు కాదు నా బాధ. ఆగ్నేయంలో మనుషులుండకూడదు గాని కంప్యూటర్లు ఉండొచ్చట. కరెంటు అగ్ని కిందికి వస్తుందట. కింద గది శ్రీధర్ ఇంటినుంచి పనిచేసే ఆఫీసు అయింది. చప్పుడు లోపలికి రాకుండా దానికి అద్దాల తలుపు కూడా పెట్టించాడు.

"నేను మెట్లెక్కితే ఊపిరి అందదు," అన్నాను, ముగ్గురి ముందూ, ఒక్కొక్క మాటా విడదీసి.

"అమ్మా, తొంభై ఎనిమిది," అన్నాడు కొడుకు.

"రోజూ ఒకసారి ఎక్కి దిగితే వ్యాయామం కూడా అవుతుంది అత్తయ్యగారూ," అంది కోడలు.

"పైన గాలి ధారాళంగా వస్తుందమ్మా," అన్నాడు సిద్ధాంతి.

శ్రావణంలో గృహప్రవేశం. ఇంటి పెద్దనని హోమం పక్కనే కుర్చీ వేశారు. అంతకంటే గౌరవమైన చోటు లేదు, అంతకంటే పొగ ఉన్న చోటూ లేదు. రెండు గంటలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. భోజనాలకు ముందు చుట్టాలంతా, "మామ్మగారి గది చూద్దాం పదండి," అని లేచారు. నా గది నేను లేకుండా చూపించడం బాగుండదని నన్నూ లేపారు. ఒకమ్మాయి చెయ్యి పట్టుకుంది. వెనకనుంచి ఎక్కేవాళ్ళు ఆగరు, నేను మధ్యలో ఆగడానికి లేదు.

పైకి చేరాక ఏం జరిగిందో పూర్తిగా చెప్పలేను. గది నిండా మనుషులు, పట్టుచీరలు, మల్లెపూల వాసన. గాలి ఉంది, నాకు అందే గాలి లేదు. నోరు తెరిచాను, మాట రాలేదు. చుట్టూ మూగారు. కుర్చీ తెచ్చారు, కూర్చోబెట్టారు, నీళ్ళ గ్లాసు నోటికి ఆనించారు. ఇది చదివేవాళ్ళకు ఒక్కటే చెప్తాను: ఆయాసపడే మనిషికి ఆ క్షణంలో నీళ్ళు పట్టకండి. ఒక గుటక మింగాలంటే ఊపిరి ఒక్క క్షణం ఆపాలి. ఆపడానికి ఆ మనిషి దగ్గర ఊపిరి ఉండాలి కదా.

కాసేపటికి తేరుకున్నాను. అప్పుడు వేలి మిషను కిందినుంచి వచ్చింది. తొంభై ఏడు. గదిలో అందరూ హమ్మయ్య అన్నారు.

"వదినగారికి పై గది నచ్చలేదు కాబోలు. చెప్తే మార్చేవాళ్ళు కదండీ, ఇంతమందిలో హడలగొట్టాలా?" అంది మాధవి తల్లి, నవ్వుతూనే.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వడానికీ ఊపిరి కావాలి.

ఆ తర్వాత నాలుగు నెలలు పై గదిలో ఉన్నాను. మొదట రోజుకొకసారి దిగేదాన్ని. తర్వాత రెండు రోజులకొకసారి. వినాయక చవితికి దిగాను, దసరాకు దిగాను. దీపావళికి దిగలేదు. భోజనం పళ్ళెంలో పైకి వచ్చేది. వచ్చిన చుట్టాలు, "మీకేమండీ, మహారాణిలా ఉన్నారు," అని వెళ్ళేవాళ్ళు. కిటికీలోంచి ఇంకా కడుతున్న టవర్లు కనబడేవి. గుట్ట మీద రాయి పగలగొట్టిన దుమ్ము మధ్యాహ్నానికి కిటికీ గట్టు మీద పేరుకునేది.

సత్తెమ్మ రోజు విడిచి రోజు ఫోన్ చేసేది. "నువ్వు మాట్లాడకు లెక్కలమ్మా, ఊ అను, చాలు," అని తనే అంతా చెప్పేది. మా పాత ఫ్లాటులో ఎవరు దిగారు, వాళ్ళ కుక్క ఎవరి చెప్పులు కొరికింది, పెరుగు దుకాణంవాడి కూతురు పెళ్ళి ఎక్కడిదాకా వచ్చింది. నేను ఊ అనేదాన్ని. ఆ నాలుగు నెలల్లో నేను ఆయాసపడకుండా జరిగిన సంభాషణలు అవే.

డిసెంబర్. నాలుగు రోజులుగా జలుబు, దగ్గు. ఆ రోజు గురువారం. మాధవి ఆఫీసుకు వెళ్ళింది, వంటమనిషి పని ముగించుకుని వెళ్ళిపోయింది. శ్రీధర్ కింద గదిలో ఉన్నాడు. పదకొండున్నరకు స్నానాల గదికి వెళ్ళి మంచం దగ్గరికి తిరిగి వస్తున్నాను. నడుమ అయిదారు అడుగుల దూరం. అది దాటలేకపోయాను. తలుపు పట్టుకుని నిలబడ్డాను. తీసుకున్న ఊపిరి గొంతు దగ్గరే తిరిగి పోతోంది. వేళ్ళ చివర్లు చల్లబడ్డాయి. చనిపోతున్నానని భయం వేసింది. ఆ భయం మరికొంత ఊపిరి తినేసింది.

శ్రీధర్‌ను పిలుద్దామని నోరు తెరిచాను. "శ్రీ" అనేదాకా వచ్చింది. కొడుక్కి పేరు పెట్టిన నాడు, దాన్ని పూర్తిగా పలకడానికి ఇంత ఊపిరి కావాలని ఎవరనుకుంటారు? నడుములో దోపుకున్న ఫోను తీసి చేశాను. మీటింగులో ఉంటే వాడి ఫోను మోగదు. పక్క బల్ల మీద చేతికందిన స్టీలు గ్లాసు తీసుకుని, తెరిచి ఉన్న గది గుమ్మంలోంచి మెట్ల మీదికి విసిరాను. మెట్టు మెట్టుకూ మోగుతూ కిందిదాకా పోయింది. ఆ మోతకు పక్కింటి కుక్క మొరిగింది. అద్దాల తలుపు తెరుచుకోలేదు.

గోడ పట్టుకుని గుమ్మం దాటాను. అప్పుడు కూర్చున్నాను, పై మెట్టు మీద. కూర్చునే దిగాను. ఒక మెట్టు దేకడం, గోడకు తల ఆనించడం, ఊపిరి కోసం ఆగడం, మళ్ళీ ఒక మెట్టు. చిన్నపిల్లలు మెట్లు దిగడం నేర్చుకునేటప్పుడు అలాగే దిగుతారు. మలుపు దగ్గర చాలాసేపు ఉండిపోయాను. చివరి మెట్టుకు చేరేసరికి ఆఫీసు గది ఎదురుగా ఉంది. అద్దంలోంచి శ్రీధర్ కనబడుతున్నాడు. చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్లు, తెర మీద చిన్న చిన్న గడుల్లో ముఖాలు. చెయ్యి ఊపాను. తలెత్తి చూశాడు.

ఒక వేలు చూపించాడు. ఒక్క నిమిషం అని.

చూపించి నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. అమ్మ కిందికి దిగి వచ్చింది, మెట్టు మీద తీరిగ్గా కూర్చుంది అని సంతోషించిన నవ్వు. వాడి తప్పని ఎలా అనను? నేను కూర్చునే ఉన్నాను కదా.

మీటింగు ముగించుకుని బయటికి వచ్చాడు. "దిగావా! మంచి పని చేశావమ్మా. ఇలా రోజూ దిగుతూ ఉంటే నీకే బాగుంటుంది," అన్నాడు. నేను మాట్లాడకపోతే మిషను తెచ్చి వేలికి పెట్టాడు. "తొంభై నాలుగు. జలుబు చేసింది కదా, ఆ మాత్రం తగ్గుతుంది," అని నన్ను సోఫాలోకి మార్చి, పాలు వెచ్చబెట్టి తెచ్చాడు. పాలు బాగా వెచ్చబెట్టాడు. అది కూడా రాయాలి కదా.

సాయంత్రం మాధవి వచ్చింది. మెట్ల కింద, చెప్పుల అర పక్కన పడి ఉన్న గ్లాసు తీసి చూసింది. అంచు సొట్టపోయింది.

"ఇది ఇక్కడెందుకుంది అత్తయ్యగారూ?"

"నేనే విసిరాను. పైనుంచి."

"అయ్యో, ఎందుకు? పిలిస్తే సరిపోయేది కదండీ?"

"పిలవడానికి ఊపిరుంటే గ్లాసెందుకు విసురుతాను మాధవీ?"

ఆమె గ్లాసు వంక చూసింది. మెట్ల వంక చూసింది. నా చీర వెనక మెట్ల దుమ్ము అంటుకుని ఉంది, అదీ చూసింది. ఫోను తీసి, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర మర్నాటికి సమయం తీసుకుంది.

మర్నాడు కారులో కూర్చుని వెళ్ళాను. కారు కూడా ఒక కుర్చీయే. ఆసుపత్రి వేరు, గేటు దగ్గరి మర్యాద మాత్రం అదే. ఒక నడివయసు మనిషి చక్రాల కుర్చీతో ఎదురొచ్చాడు.

"వద్దు. నడుస్తాను," అన్నాను.

"అమ్మా, అందరూ చూస్తున్నారు," అన్నాడు శ్రీధర్ గొంతు తగ్గించి.

"చూడనీ. అందుకేగా వచ్చింది."

హాలులో కూర్చున్నాను, తప్పలేదు. కానీ పిలుపు మా దాకా రాబోతోందనగా లేచాను. వేలి మిషను నా చేతిసంచిలోనే తెచ్చుకున్నాను. దాన్ని వేలికి తగిలించుకుని ఆ నడవా చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, డాక్టరు గది వైపు నడిచాను. మాధవి నా వెంట నడుస్తూ, వేలి వంక చూస్తూ, "అత్తయ్యగారూ, ఆగండి, ఆగండి," అంటోంది. ఆగలేదు. గుమ్మంలో తలుపు పట్టుకున్నాను. శ్రీధర్ పరుగెత్తి కుర్చీ జరిపాడు.

లోపలున్న డాక్టరు ముప్పై అయిదేళ్ళ ఆడపిల్ల. మెదక్ వైపు మనిషని తర్వాత తెలిసింది. లేచి నా దగ్గరికి వచ్చింది.

"కూసోబెట్టకండి సార్. ఒక్క క్షణం," అంది శ్రీధర్‌తో. "మామ్మగారూ, నన్ను పట్టుకొని గట్లనే నిలబడండి."

నా వేలు తన చేతిలోకి తీసుకుని చూసింది. ఎనభై మూడు. శ్రీధర్‌కు చూపించింది. ఆ తర్వాతే నన్ను కూర్చోబెట్టింది. మేమంతా చూస్తుండగానే ఆ అంకె మెల్లగా పైకి పాకింది. ఎనభై ఎనిమిది, తొంభై రెండు, తొంభై అయిదు. ఏడాదీ ఎనిమిది నెలల్లో నన్ను వెంటనే కూర్చోబెట్టనిది ఆ పిల్ల ఒక్కతే. అంత గౌరవం నాకింకెవరూ చేయలేదు.

"అమ్మ నడిచేటప్పుడు ఎప్పుడన్నా ఇది పెట్టి చూసిండ్రా?" అని అడిగింది శ్రీధర్‌ను.

శ్రీధర్ అడ్డంగా తల ఊపాడు.

తర్వాత డాక్టరు నా వైపు తిరిగి, పొగ తాగుతారా అని అడగలేదు. "ఏ పొయ్యి మీద వండిండ్రు మామ్మగారూ?" అని అడిగింది.

పొట్టు పొయ్యి. డబ్బాలో రంపపు పొట్టు దట్టించి, కిందినుంచి అంటించే పొయ్యి. కిటికీ లేని వంటిల్లు, తలకెత్తిన పొగ. గ్యాసు మీద వండితే కడుపుబ్బరం వస్తుందని మా అత్తగారి నమ్మకం. గ్యాసు వచ్చాక కూడా అది అతిథులకు కాఫీ పెట్టడానికే ఉండేది. ఆమె పోయేదాకా, పద్నాలుగేళ్ళు, ఆఫీసుకు వెళ్ళేముందొకసారి, వచ్చాకొకసారి ఆ పొయ్యి ముందు కూర్చున్నాను. పొగ తాగే అలవాటుందా అని అడిగి ఇద్దరు మగవాళ్ళు నవ్వారే, ఇప్పుడు వాళ్ళకు జవాబు చెప్తాను. తాగాను. అత్తగారికి గంజి కాస్తూ, మావారికి కాఫీ పెడుతూ, ఆ నవ్విన పిల్లవాడికి పాలు వెచ్చబెడుతూ తాగాను.

గొట్టంలోకి ఊదే పరీక్ష చేశారు. జబ్బుకు ఇంగ్లీషులో నాలుగక్షరాల పేరు చెప్పారు. పోయేది కాదట, పట్టి ఉంచవచ్చట. పంపుతో పీల్చే మందు ఇచ్చారు. మాధవి తల్లి ఫోను చేసి, "పంపు అలవాటైతే మానలేరట వదినగారూ," అంది. కళ్ళజోడు కూడా అలవాటైతే మానలేమని చెప్పాను.

వారానికి రెండు రోజులు ఊపిరి నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. డెబ్బై రెండేళ్ళు పీల్చాక నేర్చుకోవలసి వచ్చింది. పెదవులు సున్నాలా చుట్టి, వేడి పాలు ఊదినట్టు మెల్లగా వదలడం. వంగేటప్పుడు వదలడం. తల దువ్వుకునేటప్పుడు మోచేతులు బల్లకు ఆనించడం. స్నానానికి స్టూలు మీద కూర్చోవడం. ఆ స్టూలు మాధవి తెచ్చింది. చెప్పకుండా తెచ్చి స్నానాల గదిలో పెట్టింది. క్షమాపణ ఎవరూ చెప్పలేదు. మన ఇళ్ళలో చెప్పరు, పండు కోసి తెచ్చి పక్కన పెడతారు. ఆ నెలంతా బొప్పాయి ముక్కలు తిన్నాను.

కింద గది నాకొచ్చింది. శ్రీధర్ తన కంప్యూటర్లు పై నైరుతి గదికి మోసుకున్నాడు. సిద్ధాంతి మళ్ళీ వచ్చాడు. డాక్టరు కాగితం చూశాడు. ఆగ్నేయంలో పెద్దలున్నా ఫర్వాలేదు, గుమ్మం లోపల ఒక రాగిరేకు బిగిస్తే దోషం పోతుందన్నాడు. పది నెలలు నా మాటకు వంగని శాస్త్రం ఒక్క రాగిరేకుతో వంగింది. ఆ రేకు నా మంచానికి ఎదురుగానే ఉంది. పొద్దున్నే కళ్ళు తెరవగానే అదే కనబడుతుంది.

ఫిబ్రవరిలో సత్తెమ్మ చూడటానికి వచ్చింది. గేటునుంచి గబగబా నడిచి వచ్చేసింది.

"నీ మోకాళ్ళెలా ఉన్నాయి సత్తెమ్మా?" అన్నాను.

"నా మోకాళ్ళకేమైంది? ఇప్పటికీ మిద్దె మీదికెక్కి మిరపకాయలు ఎండబోస్త."

"మరి ఆ రోజుల్లో స్తంభం దగ్గర..."

"నీ దమ్ము చూసి ఆగిన. నీ కోసమే ఆగుదామంటే నువ్వు ఊకుంటివా? లెక్కలు చెప్తవు." పకపకా నవ్వింది. "ఇప్పుడు పరేషాన్ గాకు. అయ్యిందేదో అయ్యింది."

నాకు జబ్బని అందరికంటే ముందు తెలిసిన మనిషి ఆమె. నేను చిన్నబుచ్చుకోకూడదని దాచింది. దాన్ని ఏ లెక్కలో వేయాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ సాయంత్రం మాత్రం ఇద్దరం విల్లాల రోడ్డు మీద నడిచాం, నేను ఆగాలనుకున్న చోటల్లా ఆగుతూ.

ఇప్పుడు బాగానే ఉన్నాను. బాగా అంటే, నా ఆయాసం నాకు తెలుసు, ఇంట్లోవాళ్ళకు తెలుసు. మనసు మాత్రం ఇంకా కుదుటపడలేదు. పడాలని తొందర కూడా లేదు. ఎవరైనా ఇంటికొస్తే ఇదివరకులా కుర్చీలో కూర్చుని పలకరించను. నేనే లేచి వెళ్ళి తలుపు తీస్తాను. తీసేసరికి ఆలస్యమవుతుంది. కానీయండి.

మొన్న సోమవారం శ్రీధర్ ఆఫీసుకు వెళ్ళి, తాళంచెవి మరిచిపోయి, సాయంత్రం వచ్చి గంట కొట్టాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. లేచాను. ఊపిరి వదిలాను, నడిచాను. భోజనాల బల్ల దగ్గర ఆగాను, నడిచాను. వాడు మళ్ళీ కొట్టాడు. తలుపు పక్కనున్న సన్నటి అద్దంలోంచి నన్ను చూశాడు. భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో కూరల సంచి. నేను సోఫా వీపు పట్టుకుని నిలబడి, కుడిచెయ్యి ఎత్తి ఒక వేలు చూపించాను.

ఒక్క నిమిషం అని.

వాడి ముఖంలో ఏదో కదిలింది. గంట మీదినుంచి చెయ్యి తీసేశాడు. నేను ఊపిరి పూర్తిగా వదిలేదాకా ఆగి, మళ్ళీ తీసుకుని, అప్పుడు మిగిలిన దూరం నడిచాను. అంతసేపూ వాడు బయట నిలబడే ఉన్నాడు. ఆ గుమ్మంలో కూర్చోవడానికి ఏమీ లేదు.